హనుమన్న పేరు మీది కనెక్షన్

ఎమ్మిగనూరు మగ్గాల సందు. మధ్యాహ్నపు ఎండకు కుక్కలు కూడా అరుగుల కిందికి చేరాయి. హనుమన్న ఒక్కడే తన ఇంటి ముందు రంగు నూలును వీధి పొడవునా సాగదీసి, తెగిన పోగులు ముడి వేసుకుంటున్నాడు.

మోటార్ సైకిల్ ఒకటి మెల్లగా వచ్చి ఆయన పక్కన ఆగింది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి బండి దిగలేదు.

"హనుమన్న అంటే నువ్వేనా?"

"నేనేనప్పా. ఏం కావల్ల?"

సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. హనుమన్న నూలు మీద బోర్లా పడిపోయాడు. అటూ ఇటూ ఇళ్లలో మగ్గాలు టకటకలాడుతూనే ఉన్నాయి. భార్య నాగమ్మ మజ్జిగ చెంబుతో బయటికి వచ్చేదాకా ఆయన చచ్చిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున హైదరాబాద్‌లో, ఏదో గణాంక శాఖ బోర్డు తగిలించుకున్న గూఢచారి బ్యూరో బిల్డింగ్ పై అంతస్తులో, ఏజెంట్ మంజునాథ్ తన చీఫ్ ఎదుట నిలబడ్డాడు. మంజునాథ్‌ది హొళగుంద. పుట్టిన ఊరు తప్ప అన్నీ మార్చుకోవడమే అతని ఉద్యోగం. చీఫ్ జయరాం మాత్రం పదేళ్లుగా కుర్చీ కూడా మార్చుకోలేదు.

"నాడె పోయాడు," అన్నాడు జయరాం.

మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె పేరే ఆ ఇన్ఫార్మర్ కోడ్‌నేమ్. ఆడో మగో బ్యూరోకు కూడా తెలియదు. ఆర్నెల్ల కిందట తనంతట తానే బ్యూరో వెబ్ పేజీకి మెసేజ్ పెట్టిన మనిషి. కోర్విన్ అనే విదేశీయుడు ఆదోనిలో పత్తి వ్యాపారి వేషం కట్టి, ఒక డిఫెన్స్ ల్యాబ్ నుంచి క్షిపణికి దారి చూపే చిప్‌ను కొట్టేయించాడని చెప్పింది నాడే. దాన్ని పత్తి బేలులో కూరి ఇవాళ సాయంత్రం లారీలో రేవుకు పంపుతున్నారు. ఏ బేలులో ఉందో నాడె ఇవాళే చెప్పాల్సి ఉంది.

"నిన్న ఎమ్మిగనూరులో హనుమన్న అనే నేతగాణ్ణి కాల్చేశారు. కోర్విన్ ముఠా ఫోన్ విన్నాం. 'నాడె ఫినిష్డ్' అన్నారు."

"లారీ ఆపి బేళ్లన్నీ విప్పిద్దాం సార్."

"ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ ఉంది. పైన స్నేహితులున్నారు. అన్నీ విప్పాక చిప్ దొరక్కపోతే మన కుర్చీలుండవు. నాడె దగ్గర్నుంచి మెసేజ్ ఉంటే వేరే సంగతి."

"వాళ్లకు పేరెలా తెలిసింది?"

"దీప. కోర్విన్ ఆఫీసులో మన మనిషి. జీతం రెండు వైపులా తీసుకుంటుంది. నాడె అనేవాడు ఒకడున్నాడని బ్యూరో బయట తెలిసింది ఆమెకే. అమ్మేసింది. ఆమెను క్లోజ్ చెయ్."

మంజునాథ్ అడిగాడు. "నాడె మెసేజ్‌లు పెట్టింది మన బ్రౌజర్‌లోనే కదా సార్. అందులోంచి ఏమన్నా..."

జయరాం మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ బ్రౌజర్ పేరు కవచం, ఇన్ఫార్మర్లందరికీ బ్యూరో ఇచ్చేది అదే. ఆయన దగ్గరుండి చేయించింది. దాని గురించి మాట్లాడేటప్పుడు సొంత కూతురు గురించి మాట్లాడినట్టే ఉంటుంది.

"కవచం మీద VPN ఉంది. ముసుగు మీద ముసుగు. లీకయ్యేది మనుషులు మంజునాథ్, సాఫ్ట్‌వేర్ కాదు. చిప్ పోతే పోయిందనడానికి ఒక కారణం కావాలి. దీపే ఆ కారణం. వెళ్లు."

నెట్ మెకానిక్ వేషానికి మించిన మారువేషం ఈ రోజుల్లో లేదు. ఖాకీ చొక్కా, భుజాన వైరు చుట్ట, చేతిలో టూల్ బ్యాగ్ ఉంటే ఎవరింటికైనా వెళ్లొచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని మాత్రం తిడతారు. ఆదోని పత్తి యార్డు దగ్గర దీప ఉండే లాడ్జిలో కూడా వాచ్‌మన్ తిట్టి మరీ లోపలికి పంపాడు. మంజునాథ్ కింద గోడకున్న నెట్ బాక్స్ విప్పి, టెస్టర్ తగిలించి, కనెక్షన్ అడ్రస్ అంకెలు చూసుకుని పైకెక్కాడు. వైర్ కట్టర్ పిడిలో మైకు, బ్యాగ్ అడుగున పిస్టల్ ఉన్నాయి.

తలుపు తీసింది దీప. ఊరంతా పత్తి దుమ్ముతో నెరిసిపోయి ఉంటే ఈమె నెమలికంఠం రంగు పట్టుచీరలో, నల్లకళ్లద్దాల్లో, ఖరీదైన సెంటు వాసనతో నిలబడి ఉంది. వాచ్‌మన్ వినేలా ఇంగ్లీషులో నాలుగు చీవాట్లు పెట్టి లోపలికి రానిచ్చి, తలుపు గడియ వేసింది. కళ్లద్దాలు తీసేసరికి పత్తికొండ టమాటా రైతు కూతురు బయటపడింది.

"నన్ను సంపేకి వచ్చినావు గదన్నా. పిస్తోలు బ్యాగులో యా పక్క పెట్టినావు?"

దాచి లాభం లేదు. అతను పిస్టల్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"హనుమన్న పేరు ఎందుకిచ్చినావు?"

"నేనియ్యల్యా. మీ జయరాం సారే ఇచ్చినాడు."

"తమాషా వద్దమ్మా."

"తమాషా యాడిది? ల్యాప్‌టాప్ తీ. కవచం తెరువు. నేను సెప్పిన పేజీకి పో. అప్పటికి గూడ నమ్మకం రాకుంటే కాల్చు."

అదేమంత రహస్యమైన పేజీ కాదు. మీ బ్రౌజర్ మీ నెట్‌వర్క్ అడ్రస్‌ను బయటపెడుతోందో లేదో చూసుకోండి అని ఎవరో ఊరికే పెట్టిన పేజీ. కాలేజీ పిల్లలు కూడా చూసుకుంటారు. మంజునాథ్ ఒక చేత్తో పిస్టల్ పట్టుకుని రెండో చేత్తో బటన్ నొక్కాడు.

పై వరసలో VPN అడ్రస్ పచ్చగా వచ్చింది. ఊరు ఆమ్‌స్టర్‌డామ్. బాగానే ఉందనుకున్నాడు. కింద ఇంకో వరస ఎర్రగా వచ్చింది. ఆ అంకెలు అతనికి కొత్త కాదు. ఇందాక లాడ్జి గోడ దగ్గర టెస్టర్‌లో చూసినవే.

"ఇదేంది?"

"బ్రౌజర్‌లో వీడియో కాల్స్ కోసమని ఒక ఏర్పాటు ఉంటాదన్నా. అవతలోల్లతో నేరుగా మాట్లాడాలంటే సొంత అడ్రసు సెప్పాల గదా. ఎవురన్నా అడిగితే సాలు, ముసుగు పక్కనుంచి తల బయటపెట్టి, నేనీడ ఉండానని సెప్పేస్తాది. నాడె మెసేజ్ పెట్టే పేజీలో ముఠావోల్లు చిన్న కోడ్ దూర్చినారు. అది అడుగుతాది. కవచం సెప్తాది. కేబులాఫీసులో ఒగడికి చెయ్యి తడిపితే అడ్రసుకు పేరు తెలుస్తాది. అంతే."

ఆమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కటి ఆపింది. మళ్లీ టెస్ట్ పెట్టింది. ఎర్ర వరస మాయమైంది.

"ఇంతే పని. రెండుతూర్లు రిపోర్టు రాసినాను."

"ఏం జవాబొచ్చింది?"

"నువ్వొచ్చినావు గదా. అదే జవాబు."

మంజునాథ్ పిస్టల్ కింద పెట్టి హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. చూసింది చూసినట్టు చెప్పాడు.

"టెస్ట్ చెయ్యమని నీకెవరు చెప్పారు?" అన్నాడు జయరాం.

"సార్, కవచం వాడే ప్రతి మనిషీ ఇవాళ..."

"వచ్చే వారం ఢిల్లీలో కవచానికి అవార్డు ఇస్తున్నారు. నువ్వు చెప్పింది నేను వినలేదు. నువ్వూ చెప్పలేదు. ఆర్డర్ మారలేదు." ఫోన్ కట్ అయింది.

మంజునాథ్ ఫోన్ జేబులో పెట్టాడు. ఈ ఉద్యోగంలో శత్రువుల చేతిలో చచ్చినవాళ్లను చూశాడు, పొరపాట్లకు చచ్చినవాళ్లనూ చూశాడు. ఒకరి మెడలో పడబోయే దండ కోసం చావాల్సిన మనిషి ఇలా ఎదురుగా కూర్చుని ఉండటం మాత్రం ఇదే మొదలు.

"ఒగటి సెప్పన్నా," అంది దీప. "కోర్విన్ మిల్లులో ఏ బేలులో ఏముందో ఎమ్మిగనూరులో మగ్గం నేసుకునేవానికి ఎట్ల తెలుస్తాది? నాకైతే నమ్మకం కుదరల్యా. పైవోల్లకూ కుదరల్యా. లారీ కదిలేదాంక సందులోనే ఉండమన్నారు షూటర్‌ని."

"పైవాళ్లంటే కోర్విన్ కాదా?"

"కోర్విన్‌కే వాల్ల కాడ దిక్కుల్యా, అనుమానమొస్తే సొంత మనిషినైనా లేపేస్తారు. అడ్రసు దేశం బయట ఉండే పెద్దతలకాయలకు పోతాది. వాల్లు పేరు కనుక్కొని నేరుగా షూటర్‌కు పంపుతారు. వాల్లల్లో వాల్లే ఒగరి మొగం ఒగరు సూసి ఎరగరు."

అంటే అసలు నాడె బతికే ఉండొచ్చు. సాయంత్రం కాగానే కవచం తెరవక తప్పదు. తెరిచిన మరుక్షణం ఆ సందు అడ్రస్ మళ్లీ బయటికి పోతుంది, షూటర్ ఆ సందులోనే ఉంటాడు. మంజునాథ్ టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ఎమ్మిగనూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. హనుమన్న సాగదీసిన నూలును ఎవరూ తీయలేదు. సందు మొదట్లో పాత ఇనుము కొనేవాడి తోపుడు బండి ఉంది. బండి మీద రెండు రేకు డబ్బాలు, పక్కనే మోటార్ సైకిల్. ఇనుము కొనేవాడి కాళ్లకు కొత్త బూట్లున్నాయి. మంజునాథ్ అతని వైపు చూడకుండా, బస్టాండ్ దగ్గర అద్దెకు తీసుకున్న నిచ్చెన మోసుకుంటూ హనుమన్న ఇంటికి వెళ్లాడు.

నాగమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నెట్టు బాగు సేసేకి వచ్చినావా నాయనా? ఆయన పేరు మీదనే ఉండాది."

"ఆయన నెట్‌లో ఏం చూసేవాడమ్మా?"

"ఆయనకేం దెలుసప్పా. సంతకం గూడ రాదు. ఆయప్పది బటన్ల ఫోను."

"మరి కనెక్షన్ ఎవరికి?"

"సందంతా వాడుకుంటారు. బాడుగిండ్లోల్లకు కేబులోల్లు కనెక్షన్ ఇచ్చేది లేదనిరంట. సొంతిల్లుండేది మాకొక్కరికే గదా. అందరూ వచ్చి అడిగినారు. పిల్లోల్లు సదువుకుంటారు లే, నాదేం పోతాది, ఏలిముద్రే గదా అనినాడు."

మంజునాథ్ పైకి, మిద్దె మీది వైర్ల వైపు చూశాడు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే వాడేది వాళ్లేనని లెక్క కట్టిన తెలివి ముఠాది. ఆ తెలివినే తన చీఫ్ ఫైల్లో రాసుకున్నాడు. ఈ సందులో పుట్టిన ఏ పిల్లవాణ్ణి అడిగినా నవ్వి ఊరుకునేవాడు. హనుమన్నను అడగడానికి వచ్చినవాడు పేరు తప్ప ఇంకేమీ అడగలేదు.

నిచ్చెన వేసి మిద్దె ఎక్కాడు. బాక్స్ నుంచి మూడు వైర్లు మూడిళ్లకు వెళ్తున్నాయి. ఒక ఇంట్లో ముసలావిడ, ఇంకో ఇంట్లో పసిపిల్లలు. మూడో ఇంటి గడప మీద సిలువ గుర్తుంది. కిటికీలోంచి చూస్తే ఒక అమ్మాయి, పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, భుజాన బ్యాగు కూడా తీయకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. స్క్రీన్ మీద కవచం గుర్తు తిరుగుతోంది. ఆమె వేలు బటన్ మీదికి వెళ్తోంది.

మంజునాథ్ కట్టర్ తీసి మూడు వైర్లనూ ఒక్కసారే కత్తిరించాడు.

కింద అమ్మాయి విసుక్కుంటూ బయటికి వచ్చింది. "అన్నా, నెట్ పోయింది. ఏం జేస్తాండావు?"

అతను నిచ్చెన దిగి, వైరు చుట్టుకుంటూ మెల్లగా అడిగాడు. "మగ్గం ఎవరిదమ్మా?"

ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. ఆర్నెల్లుగా తను స్క్రీన్ మీద తప్ప చూడని కోడ్ మాట అది. పెదాలు తడుపుకుని జవాబు చెప్పింది.

"నేసేవాల్లది మాత్రం కాదన్నా."

ఆమె పేరు కృప. కోర్విన్ ఆఫీసులో కంప్యూటర్‌లో లెక్కలు ఎక్కించే పని. లోపలికి వెళ్లగానే చెప్పేసింది. "బేళ్ల గుడ్డలన్నిటికీ తెల్లదారం కుట్టు. ఒగ్గదానికే నీలం దారం." చెప్పాక అతని మొహంలోకి చూసింది. ఆమెకు ఏదో అర్థమవుతోంది.

"హనుమన్న పెద్దనాయనను సంపింది... నా కోసం వచ్చినోల్లేనా?"

అబద్ధం చెప్పడానికి అతనికి సర్కారే ట్రైనింగ్ ఇచ్చింది. అయినా తలూపాడు.

"సొంత సిమ్ము వాడద్దు, పేరు తెలిసిపోతాది అని మీరే రాస్తిరి గదన్నా. అందుకే ఆయప్పది వాడితి." కృప నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కింట్లో ఉన్న నాగమ్మకు వినపడకూడదని ఏడుపును కూడా లోపలే మింగుకుంది.

మంజునాథ్ ఫోన్ తీసి దీపకు కలిపాడు.

"ఎక్కడున్నావమ్మా?"

"మిల్లు ఆఫీసులో. లారీకి టార్పాలిన్ కడ్తాండారు. కోర్విన్ గేటు కాడ ఉండాడు."

"ఆ ఆఫీసు నెట్ ఎవరి పేరు మీదుంది?"

"కోర్విన్ పేరు మీదనే. యాలడుగుతావన్నా?" అడిగి ఆగిపోయింది. ఆపైన ఆమె గొంతులో నవ్వు వినిపించింది. సంతోషం ఉన్న నవ్వు కాదు. "అర్థమయినాదిలే."

"నాడె పాస్‌వర్డ్ చెప్తాను. కవచంలో తెరువు. ఆ సెట్టింగ్ ముట్టుకోవద్దు, ఎట్లుంది అట్లే ఉండనీ. ఒక్క లైను పంపు. నీలం దారం బేలు."

కృప పాస్‌వర్డ్ చెప్పింది. అవతల దీప వేళ్లు కీబోర్డ్ మీద టపటపలాడాయి. "పంపినా," అంది.

కిటికీలోంచి మంజునాథ్ సందు మొదలు చూస్తూ నిలబడ్డాడు. ఇనుము కొనేవాడు బీడీ కాలుస్తున్నాడు. వాడి ఫోన్ మోగింది. స్క్రీన్ చూశాడు. బీడీ పారేసి మళ్లీ చూశాడు. తోపుడు బండిని ఉన్నచోటే వదిలి, హెల్మెట్ తగిలించుకుని మోటార్ సైకిల్ ఎక్కాడు.

మంజునాథ్ చేయి బ్యాగులోని పిస్టల్ మీదే ఉంది. హనుమన్నను చంపినవాడు పది అడుగుల దూరంలో అతని ముందు నుంచే వెళ్తున్నాడు. ఆ చేయి బయటికి రాలేదు. బండి ఆదోని రోడ్డెక్కింది. మంజునాథ్ ఆదోని పోలీసులకు దాని నంబర్ చెప్పాడు. మిల్లు పేరు కూడా చెప్పాడు. హంతకుడు ఎవరి కోసం వెళ్తున్నాడో మాత్రం చెప్పలేదు.

ముప్పావు గంట తర్వాత జరిగిందంతా దీప ఫోన్‌లో వినిపించింది. నాడె మెసేజ్ చూసి బ్యూరోలో ఎవరో ఎట్టకేలకు లారీ ఆపమని సంతకం పెట్టారంట. కానీ జీపు ఇంకా రాలేదు.

"లారీ స్టార్టు జేసినారు... గేటు తీస్తాండారు... జీపు యాడుందన్నా?" ఆమె గొంతు హఠాత్తుగా తగ్గింది. "వాడొచ్చినాడు. హెల్మెట్ తీయల్యా. కోర్విన్ కాడికి పోతాండాడు."

ఫోన్‌లో దూరంగా ఒక మగ గొంతు వినిపించింది. "కోర్విన్ అంటే నువ్వేనా?"

ఆ పైన రెండు దగ్గులు.

డ్రైవర్ భయంతో లారీ ముందుకు దూకించాడు. సగం బండి గేటు దాటేసరికి పోలీసు జీపు అడ్డంగా వచ్చి ఆగింది. హంతకుడు పారిపోదామని చూస్తే దారి నిండా పత్తి ట్రాక్టర్లు. హమాలీలే పట్టుకుని కట్టేశారు. నీలం దారం కుట్టు విప్పితే పత్తి మధ్యలో, అగ్గిపెట్టెంత డబ్బాలో చిప్ దొరికింది.

"నా ఆర్డర్ సంగతి ఏమన్నా?" అడిగింది దీప.

"క్లోజ్ అయిందని రాస్తాను. మళ్లీ కనపడొద్దమ్మా."

"పత్తికొండ మార్కెట్‌లో టమాటా గంపల మధ్యన నన్నెవుడు ఎతుకుతాడులే," అని ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రే కృపను కూడా దూరంగా ఆమె అక్క ఊరికి పంపేశాడు. వెళ్లే ముందు ఆ అమ్మాయి నాగమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏదో చెప్పబోయి, చెప్పలేక లేచి వెళ్లిపోయింది.

మరుసటి వారం ఢిల్లీలో జయరాం మెడలో దండ పడింది. కవచం ద్వారా అందిన ఒక్క మెసేజ్‌తో దేశ రహస్యం దక్కిందని వేదిక మీద చదివారు. కాగితం మీద అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇకనుంచి అన్ని శాఖల్లోనూ కవచమే వాడాలని ఆర్డర్ కూడా వచ్చింది.

"సార్, హనుమన్న..." అన్నాడు మంజునాథ్, చప్పట్లు ఆగాక.

"ఎవరు?"

"ఎమ్మిగనూరు నేతగాడు. ఆయన భార్యకు ఏమన్నా చేద్దాం సార్."

"ఆయన మన మనిషి కాదు కదయ్యా," అన్నాడు జయరాం, దండలోంచి ఒక పూరేకు దులుపుకుంటూ. "ఏ పద్దు కింద రాస్తాం? వదిలెయ్."

మంజునాథ్ వదిలేశాడు. అంటే వదిలేసినట్టు తలూపి, సెలవు పెట్టి ఎమ్మిగనూరు వెళ్లాడు. తను కోసిన వైర్లు అలాగే వేలాడుతున్నాయి. కేబులాఫీసు కుర్రాడు అరుగు మీద కూర్చుని నాగమ్మతో మాట్లాడుతున్నాడు. మనిషి పోయాడు కాబట్టి పాత పేరు చెల్లదంట, ఇంకో పేరు మీద తీసుకోవాలంట. సందులో పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు.

"రాసుకో నాయనా," అంటూ నాగమ్మ బొటనవేలు చాపింది. "సదువుకునే పిల్లోల్లు. ఏలిముద్రే గదా."

మంజునాథ్ ఆ చేతిని పట్టుకుని మెల్లగా పక్కకు జరిపాడు.

"నువ్వొద్దమ్మా. ఈ సందుకు కనెక్షన్ ఇంకొకాయన తన పేరు మీద తీసుకుంటాండాడు."

"ఎవరన్నా?" కుర్రాడు పెన్ను తీశాడు.

మంజునాథ్ జయరాం పేరు చెప్పాడు. ఇంటి నంబర్, వీధి, హైదరాబాద్ పిన్‌కోడ్ తడుముకోకుండా చెప్పాడు. బ్యూరో మనిషికి ఎవరి పేరు మీద కాగితాలు పుట్టించడమైనా చిటికెలో పని.

"సొంతిల్లేనా?"

"సొంతిల్లే."

"ఊరూ పేరూ తెలియనోల్ల కోసం అంత పెద్దమనిషి తన పేరు ఇస్తాడా? ఆయప్పకు భయం లేదా?" అంది నాగమ్మ ఆశ్చర్యంగా.

"ఆయనకు భయమెందుకమ్మా," అన్నాడు మంజునాథ్, తెగిన వైర్లు అతకడానికి నిచ్చెన ఎక్కుతూ. "కవచం ఉంది కదా."